పొలం అటూ ఇటూ: సరిహద్దులో ఒక ఆడపిల్ల వాటా కేసు

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ప్రాక్టీసు చేసే తెలుగు వకీళ్ళందరికీ ఈ బాపతు కేసు ఎప్పుడో ఒకప్పుడు తగుల్తుంది. కుటుంబం ఒకటే, ఇల్లు ఒడిశాలో, పొలం సగం ఒడిశాలో సగం శ్రీకాకుళం వైపు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైపోయింది, గీత గీసినవాళ్ళు ఎవరి కమతం ఎక్కడుందో చూసుకోలేదు కదా, దాంతో ఈనాటికీ ఒకే ఇంటి కాగితాల్లో ఇటు పట్టా మీద ఖాతా, ప్లాటు, డెసిమల్ లెక్క, అటు అడంగల్‌లో సర్వే నంబరు, సెంట్ల లెక్క. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో పెద్ద కోర్టుల తీర్పులు అరడజను దాకా పనికొచ్చాయి, కొన్ని మాకు, కొన్ని అవతలివాళ్ళకి, ఏ తీర్పు ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ పనిచెయ్యదో చూసుకోవడంలోనే కేసు సగం నడిచింది. ఊరి పేర్లు రాయట్లేదు, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వాటాల లెక్క మాత్రం మార్చలేదు.

నేపథ్యం

తండ్రి 1998లో పోయారు, వీలునామా లేదు. తల్లి 2012లో పోయారు, ఆవిడ కూడా ఏమీ రాయలేదు. పిల్లలు ముగ్గురు: పెద్దకొడుకు, మధ్యలో కూతురు (మా క్లయింటు), చిన్నకొడుకు. ఆమెకి పెళ్ళి 1989లో. ఆస్తి తాతల నాటి ఉమ్మడిది, దాని మీద ఎవరికీ తగవు లేదు. ఒడిశా వైపు వరి మడులు, ఇల్లు. ఆంధ్రా వైపు ఉద్దానంలో జీడితోట, కొంచెం మెరక. పెద్దాయన 2016లో ఒడిశా వైపు మడి ఒకటి రిజిస్ట్రీ చేసి అమ్మేశాడు, కొన్నది అదే ఊళ్ళో చిన్న వ్యాపారం చేసుకునే మనిషి.

ఆమె నా దగ్గరికి వచ్చింది 2021లో, ఫోన్‌లో ఒక వాట్సాప్ కార్డు చూపించింది, "కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు, సుప్రీంకోర్టు" అని. "బాబూ, మా నాన్న పోయి ఇన్నేళ్ళయింది కదా, ఇప్పుడేటి ఇస్తారు నాకు" అని అడిగింది. అనుమానం ఆమెది కాదు, 2016లో ఆమె అడిగిన వకీలు అదే చెప్పి పంపించేశారట, మీ నాన్నగారు 2005కి ముందే పోయారు కాబట్టి కేసు నిలవదని. అప్పటికి అది సరైన సలహానే. 2015 అక్టోబరులో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి చెప్పింది, కూతుర్ని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటాదారుని చేసిన హిందూ వారసత్వ చట్టం సవరణ అమల్లోకొచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి, కూతురు ఇద్దరూ బతికుండాలని. 2018 ఫిబ్రవరిలో దానమ్మ కేసులో ఇంకో ఇద్దరు జడ్జీల బెంచి, తండ్రి 2001లో పోయినా సరే కూతుళ్ళకి వాటా ఇచ్చింది. రెండూ సుప్రీంకోర్టువే, రెండూ ఇద్దరేసి జడ్జీలవే, కింది కోర్టు ఏది పాటించాలి? ఈ గొడవ తీర్చింది 2020 ఆగస్టు 11న వచ్చిన వినీతా శర్మ తీర్పు, ముగ్గురు జడ్జీలు, హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి తండ్రి 2005 నాటికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదు అన్నారు, ఫూలవతిని కొట్టేశారు. (ఆ బెంచిలో కూర్చున్న అబ్దుల్ నజీర్ గారే 2023లో ఆంధ్రాకి గవర్నరుగా వచ్చారు. పెండింగ్ కేసులన్నీ వీలైతే ఆరు నెలల్లో తేల్చండి అని కూడా ఆ తీర్పులో ఉంది, ఆ వాక్యం మా కోర్టు హాల్లో ఎవరైనా చదివితే బెంచి క్లర్కు నవ్వుతాడు.)

అంటే కార్డులో రాసింది నిజమే. కానీ కార్డు మీద పట్టని సంగతి ఇంకోటుంది, 2004 డిసెంబరు 20 అనే తేదీ. ఆ 2005 సవరణ బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజు అది. ఆ రోజుకి ముందు అయిపోయిన పంపకాల్ని, అమ్మకాల్ని కొత్త చట్టం ముట్టుకోదు. ఈ అన్నదమ్ములు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

అవతలివాళ్ళ వాదన

వాళ్ళు చెప్పింది ఇదీ: 2001లో పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచేసుకున్నాం, 2003లో ఆ పంపకాన్ని ఒక చీటీ మీద రాసుకున్నాం, 2006లో తహసిల్ ఆఫీసులో పట్టాలు విడివిడిగా చేయించుకున్నాం, అప్పుడు కూతురు వాటాదారే కాదు, కాబట్టి ఇప్పుడు తెరవడానికేం లేదు. దీనికి తోడు 2009లో ఆమె సంతకం పెట్టిన తెల్లకాగితం ఒకటి, "నాకు పుట్టింటి ఆస్తిలో ఏ హక్కూ వద్దు" అని. ఆ కాగితానికి నేను పెద్దగా భయపడలేదు, స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరు కావాలి, రిజిస్ట్రేషన్ చట్టం 17, 49 సెక్షన్లు దాటి అది రాదు. పంపకం సంగతి అలా తేలిగ్గా తీసిపారేసేది కాదు.

ఇక్కడ లెక్క చెప్పాలి, ఎందుకంటే కేసు బరువంతా ఈ లెక్కలోనే ఉంది. వినీతా శర్మ పూర్తిగా వర్తిస్తే, తల్లి కూడా పోయింది కాబట్టి ముగ్గురికీ సమానం, ఆమెకి మూడో వంతు. 2001 పంపకం నిజమని రుజువైతే హిందూ వారసత్వ చట్టంలో 2005కి ముందున్న పాత సెక్షన్ 6 ప్రకారం వెయ్యాలి: 1998లో తండ్రి చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించుకుని, తండ్రీ ఇద్దరు కొడుకులకీ తలా మూడో వంతు, తండ్రి మూడో వంతు తల్లికీ ముగ్గురు పిల్లలకీ నాలుగు భాగాలు, అంటే కూతురికి పన్నెండో వంతు, తర్వాత తల్లి పన్నెండో వంతులో మూడో భాగం. మొత్తం కలిపితే తొమ్మిదో వంతు. మూడో వంతెక్కడ తొమ్మిదో వంతెక్కడ.

ఒక పక్కమాట. ఈ రెండో లెక్కలో తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు తల్లికి విడిగా వాటా వెయ్యలేదు, గమనించారా? మద్రాసు సంప్రదాయపు మితాక్షరలో (ఉమ్మడి ఆస్తికి వర్తించే పాత హిందూ ధర్మశాస్త్ర పద్ధతి) వెయ్యరు. మా ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఇక్కడి తెలుగు కుటుంబాలకి ఆ పద్ధతే అని అవతలి వకీలు వాదన, సబబే. మహారాష్ట్ర వైపు బొంబాయి సంప్రదాయంలో తల్లికి వాటా వేస్తారు, 1978లో గురుపాద్ వర్సెస్ హీరాబాయి కేసులో సుప్రీంకోర్టు అలాగే వేసింది, ఆ లెక్కన అయితే మా క్లయింటుకి ఆరో వంతు వస్తుంది. గురుపాద్ కేసు హెడ్‌నోట్ (తీర్పు పైన అచ్చేసే సారాంశం) చూసి అదే లెక్క దించేసిన ప్లెయింట్లు (దావా అర్జీలు) ఇటువైపు చాలా చూశాను.

ముందు చేసినవి, పనికిరానివి

నా దగ్గరికి రాకముందే మూడు దారులు మూసుకుపోయాయి. పెద్దమనుషుల్లో పెడితే "పుట్టింటి మీద కేసేస్తావేటమ్మా, పసుపు కుంకుమ కింద ఇచ్చింది చాలదా" అన్నారు. తహసిల్‌లో ఓఎల్ఆర్ (ఒడిశా భూసంస్కరణల) చట్టం 19(1)(సి) కింద వాటాలు విడగొట్టమని అర్జీ పెట్టింది, అది వాటాదారులందరూ ఒప్పుకుంటేనే నడిచే దారి, పెద్దన్న రాలేదు, అర్జీ కొట్టేశారు. ఆ సెక్షన్ మీద మనవాళ్ళకి ఎందుకో పెద్ద నమ్మకం, కోర్టు కన్నా చౌక అని, చౌకే, కానీ తగువున్న చోట అది తలుపే కాదు.

మూడోది కాస్త వివరంగా చెప్పాలి. 2019లో, దానమ్మ తీర్పు వచ్చాక, ఆంధ్రా వైపు వకీలు ఒకాయన అక్కడి కోర్టులో దావా వేశారు, ఒక్క జీడితోట మీదే. ఆయన ఆలోచనలో బలం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడే హిందూ వారసత్వ చట్టానికి 29-ఎ చేర్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుర్ని కూడా పుట్టుకతో వాటాదారుని చేశారు, ఆ తేదీకి పెళ్ళికాకుండా ఉంటే చాలు. ఈమెకి పెళ్ళి 1989లో. అంటే ఆంధ్రా భూమి వరకు 2001 నాటికే ఆమె వాటాదారు, ఆమెని వదిలేసి చేసిన పంపకం ఆమెని కట్టిపడెయ్యదు, 2004 తేదీతో కూడా పనిలేదు. మహారాష్ట్రలో ఇలాంటి సవరణ 1994లో వచ్చింది, ఒడిశాలో రానేలేదు, ఇక్కడ కూతురికి 2005 దాకా ఆగాల్సొచ్చింది. ఇంత మంచి పాయింటు ఉండి కూడా ఆ దావా నిలబడలేదు, ఉమ్మడి ఆస్తి మొత్తం పెట్టకుండా ఒక ముక్కకే పంపకం అడిగారని అభ్యంతరం వచ్చింది. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 23 రూల్ 1 కింద మళ్ళీ వేసుకునే అనుమతితో వెనక్కి తీసుకున్నారు. ఆ అనుమతి అడగడం ఆయన చేసిన తెలివైన పని, అది లేకపోతే నేను చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు. కానీ రూల్ 2 కూడా గుర్తుపెట్టుకోవాలి, మొదటి దావా అసలు లేనట్టే కాలపరిమితి లెక్కేస్తారు.

దావా ఎక్కడ వెయ్యాలి

సీపీసీ సెక్షన్ 17 ప్రకారం స్థిరాస్తి వేర్వేరు కోర్టుల పరిధిలో ఉంటే, అందులో ఏ కొంచెం ఉన్న చోటైనా మొత్తం ఆస్తికి దావా వెయ్యొచ్చు, రాష్ట్రం మారినా సరే. అయితే అటా ఇటా?

అటు వేస్తే 1985 సవరణ గురించి జడ్జిగారికి మొదట్నుంచీ చెప్పక్కర్లేదు, ఆంధ్రా హైకోర్టు తీర్పులు ఆ కోర్టుని కట్టిపడేస్తాయి. ఇటు వేస్తే అవే తీర్పులు గౌరవంగా వింటారు గానీ పాటించి తీరాలని లేదు, ఇక్కడ కట్టుబడేది కటక్ హైకోర్టుకీ, రాజ్యాంగం 141వ అధికరణం కింద సుప్రీంకోర్టుకీ. ఇది మా వైపు కుర్ర వకీళ్ళు తరచు మర్చిపోతారు, తెలుగులో పేపర్లూ యూట్యూబూ చూసి అమరావతి తీర్పో హైదరాబాద్ తీర్పో పట్టుకొచ్చి పర్లాకిమిడి కోర్టులో పెట్టి, ఎందుకు వినలేదని బాధపడతారు.

అయినా నేను ఒడిశా సీనియర్ డివిజన్ కోర్టే ఎంచుకున్నాను. మా కేసు గెలుపు 1985 సవరణ మీద కాకుండా, 2001 పంపకం జరగలేదు అన్నదాని మీద ఆధారపడితే మంచిది అనిపించింది, ఎందుకంటే అది తేలితే రెండు రాష్ట్రాల భూమికీ ఒకే దెబ్బకి మూడో వంతు వస్తుంది, 1985 సవరణ మీద గెలిస్తే జీడితోట వరకే. పంపకం జరిగిందా లేదా తేల్చే సాక్షులు, తహసిల్ ఫైళ్ళు అన్నీ ఇటే ఉన్నాయి. 1985 వాదన రెండో మెట్టుగా ప్లెయింట్‌లో పెట్టాను, మొదటిది జారితే అది పట్టుకోవడానికి. 2016లో కొన్న వ్యాపారిని కూడా ప్రతివాదిగా చేర్చాం. క్లయింటు వద్దంది, "ఆయనేం చేశాడు పాపం" అని. ఆయన్ని కలపకపోతే రేపు డిక్రీ ఆయన్ని కట్టదు, కలిపితే ఆయన కొన్న మడిని పెద్దన్న వాటాలోకి నెట్టమని న్యాయం కోరుకునే అవకాశం ఆయనకే వస్తుంది అని చెబితే ఒప్పుకుంది.

మధ్యంతర ఇంజంక్షన్ అడిగితే మొదటి కోర్టు ఇవ్వలేదు, పట్టాలు వేరువేరుగా ఉన్నాయి కదా అంది. అప్పీల్లో జిల్లా కోర్టు, ఎవరూ అమ్మకూడదు తాకట్టు పెట్టకూడదు అనే వరకు ఇచ్చింది, సాగు మాత్రం కదపలేదు. మాకు అది చాలు.

చీటీ తగువు, కటక్ దాకా

విచారణలో పెద్దన్న 2003 చీటీ బయటపెట్టాడు. రిజిస్టరు కాలేదు, స్టాంపు లేదు. కోర్టు దాన్ని సాక్ష్యంగా మార్కు చెయ్యనంది. వాళ్ళు రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్ళారు, చేతిలో కోరుకొండ చలపతిరావు తీర్పు, 2021 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చింది, ఆంధ్రా నుంచి వెళ్ళిన కేసే. అందులో కుటుంబ ఖరారునామా ఒకటి, రిజిస్టరు కాలేదు, అయినా అప్పటికే జరిగిపోయిన ఏర్పాటుని రాసుకున్న కాగితం మాత్రమే అయితే, హక్కుల్ని ఆ కాగితమే సృష్టించకపోతే, రిజిస్ట్రేషనూ స్టాంపూ అక్కర్లేదు, సాక్ష్యంలోకి తీసుకోవచ్చు అన్నారు. చీటీలో కూడా "2001లో పంచుకున్న ప్రకారం" అనే ఉంది. తీర్పు వాళ్ళకి అతికినట్టు సరిపోయింది.

మా జూనియర్ గట్టిగా ఎదిరిద్దాం అన్నాడు. నేను చీటీని మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ప్లాటు నంబర్లన్నీ ఒడిశా వైపువే. జీడితోట ఒక్క ముక్క కూడా లేదు. 2001లో నిజంగా ఉమ్మడి కుటుంబం విడిపోయి ఉంటే, ఏటా చేతికి డబ్బొచ్చే తోటని పంచుకోవడం మర్చిపోతారా ఎవరైనా? ఆ కాగితం కోర్టు ఫైల్లో లేకపోతే వాళ్ళ నోటిమాటే ఉంటుంది, నోటిమాటని ఎలాగైనా సాగదియ్యొచ్చు. కాగితం ఉంటే ఆ ఖాళీ కూడా ఫైల్లో ఉంటుంది. పైగా ఇది పట్టుకుని కటక్‌లో కూర్చుంటే అసలు దావా ఆగిపోతుంది, ఆలస్యం పొలం చేతిలో ఉన్నవాడికే లాభం.

అందుకని హైకోర్టులో మేమే చెప్పాం, మార్కు చెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు, అందులో ఉన్నది నిజమా కాదా అన్నది, రుజువు భారం, అన్నీ తెరిచి ఉంచండి అని. జిల్లాల్లో 2023లో వర్చువల్ హైకోర్టు గదులు వచ్చాక ఇలాంటి చిన్న పిటిషన్‌కి కటక్ రైలు ఎక్కక్కర్లేకుండా పోయింది, ఇది మాలాంటి చివరి జిల్లాల వాళ్ళకి నిజంగా పెద్ద మేలు. హైకోర్టు అలాగే ఆర్డరిచ్చి దావా త్వరగా తేల్చమంది.

సాక్ష్యంలోకి రావడం ఒకటి, నమ్మడం ఒకటి. కోరుకొండ తీర్పు చెప్పింది మొదటిదాని గురించి. కూతురి వాటాని తప్పించడానికి నోటి పంపకం చెబితే కోర్టు ఎంత రుజువు అడగాలి అన్నది వినీతా శర్మలో ఉంది: మామూలుగా ఒప్పుకోకూడదు, అరుదైన సందర్భంలో, పబ్లిక్ డాక్యుమెంట్ల బలం ఉండి, డిక్రీతో జరిగినంత ఖాయంగా పంపకం బయటికి కనిపిస్తేనే. రెండు తీర్పులూ కొట్టుకోవట్లేదు, వేరువేరు ప్రశ్నలకి జవాబులు అవి. వాదనలో మేం ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే.

గెలిపించింది ఏమిటి

రెండు ఫైళ్ళు. రెండూ సర్కారు ఫైళ్ళే.

ఒకటి, 2006 మ్యుటేషన్ (రికార్డులో పేర్లు మార్చే) కేసు ఫైలు. పట్టా అందరూ చూస్తారు, పట్టా ఏ అర్జీ మీద పుట్టిందో ఎవరూ చూడరు. సర్టిఫైడ్ కాపీ తీయిస్తే అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టిన అర్జీలో, ఇన్నాళ్ళూ ఉమ్మడిగా ఉన్నాం, ఇప్పుడు సౌకర్యం కోసం విడివిడిగా రాయించుకుంటున్నాం అని ఒడియాలో స్పష్టంగా ఉంది. 2001 పంపకం మాటే లేదు. వాళ్ళు చూపించిన ఒకే ఒక పబ్లిక్ డాక్యుమెంటు 2004 డిసెంబరు 20 దాటాక పుట్టింది, పైగా వాళ్ళకే ఎదురు తిరిగింది. పట్టా హక్కుని పుట్టించదు, తియ్యదు అన్నది ఎలాగూ పాత సూత్రమే, కానీ సూత్రం చెప్పి కూర్చోవడం కన్నా అర్జీ చూపించడం జడ్జిగారికి తేలిగ్గా ఎక్కుతుంది.

రెండోది ఆంధ్రా వైపు దొరికింది. 2002లో తోట అంచున కొంత నేల కాలువ పనికి సర్కారు తీసుకుంది. నష్టపరిహారం అవార్డులో తల్లి, ఇద్దరు కొడుకులు ఉమ్మడిగా డబ్బు తీసుకున్నట్టు, భూమి అవిభక్త కుటుంబానిది అని ఉంది. ఇది మాకు ఎలా తట్టిందంటే, క్లయింటు ఏదో మాటల్లో "కాలువ డబ్బులొచ్చినప్పుడు అమ్మ నాకు గాజులు చేయించింది" అంది. క్లయింటు చెప్పే కథలో కేసుకి సంబంధం లేదనిపించే సంగతుల్ని ఆపకుండా వినడం ఎందుకు మంచిదో ఇందుకే చెప్తుంటాను జూనియర్లకి.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో పెద్దన్నని ఒకటే అడిగాం, 2001లో పంచుకుంటే 2002లో డబ్బు కలిసి ఎందుకు తీసుకున్నారని. "అమ్మ బతికుంది కదా బాబూ" అన్నాడు. అంతకన్నా అడగలేదు.

కాలపరిమితి మీద వాళ్ళు పెట్టిన అభ్యంతరం నన్ను కొంచెం భయపెట్టింది. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 110, వాటా నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ళు. 2006 పట్టా నుంచి లెక్కేస్తే 2021 దావాకి గడువు దాటిపోయింది. ఇక్కడ కాపాడింది తమ్ముడు. "అక్కకి ఇవ్వాలనే ఉంది, అన్నయ్య మాట దాటలేక ఊరుకున్నాను" అని సాక్ష్యంలోనే అన్నాడు, 2017 దాకా సంక్రాంతికి బియ్యం, జీడి డబ్బు ఆమెకి పంపేవాళ్ళమని ఒప్పుకున్నాడు, బ్యాంకు ఎంట్రీలు దానికి సరిపోయాయి. ఫలసాయంలో భాగం అందుతున్నన్నాళ్ళూ తప్పించారని ఎలా అంటారు?

ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చేది, నేల కొలిచి విడగొట్టేది ఫైనల్ డిక్రీ) వచ్చింది, పంపకం రుజువు కాలేదు, రెండు రాష్ట్రాల ఆస్తిలోనూ ఆమెకి మూడో వంతు. 1985 సవరణ ప్రశ్నకి కోర్టు జవాబు చెప్పాల్సిన అవసరమే రాలేదు. నాకు కొంచెం నిరాశ అనిపించింది, ఒడిశా కోర్టులో ఆ పాయింటు తేలితే మా అందరికీ పనికొచ్చేది, కానీ క్లయింటుకి కావాల్సింది పాయింటు కాదుగా.

రాజీ

పెద్దన్న అప్పీలుకి వెళ్ళాడు. ఆ టైంలోనే తమ్ముడు అక్కతో రాజీకి వచ్చాడు, నా వాటాలో నుంచి తోట పక్క నీకు ఇస్తాను, మనిద్దరం కాగితం రాసి కోర్టులో పెడదాం అని. ఇద్దరికీ తొందరే. నేను ఆపాను. 2023 మార్చిలో ప్రశాంత్ కుమార్ సాహూ వర్సెస్ చారులతా సాహూ అని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఒడిశా నుంచే వెళ్ళిన పంపకం కేసు, అందులోనూ కొందరే సంతకాలు పెట్టిన సెటిల్మెంట్ ఉంది. పంపకం దావాలో అందరు పక్షాల రాతపూర్వక ఒప్పుకోలు లేని రాజీ, ఆర్డర్ 23 రూల్ 3 కింద నిలవదు అన్నారు, కూతుళ్ళకి వినీతా శర్మ ప్రకారమే వాటా ఇచ్చారు. ఇద్దరి కాగితం పెడితే రేపు పెద్దన్న దాన్ని పట్టుకునే ఇంకో నాలుగేళ్ళు లాగుతాడు. తమ్ముడికి కోపం వచ్చింది, మంచికి వస్తే వకీలు అడ్డం పడుతున్నాడని.

చివరికి పెద్దన్నని కదిలించింది కొనుగోలుదారు. తన మడి పోతుందేమోనని ఆయన రోజూ పెద్దన్న ఇంటికి వెళ్ళి కూర్చునేవాడట. అప్పీల్లో మీడియేషన్‌కి పంపారు, అక్కడ కొనుగోలుదారుతో సహా అందరూ సంతకం పెట్టారు. అమ్మిన మడి పెద్దన్న వాటా కిందికి వెళ్ళింది. ఆమె ఇంట్లో భాగం వదులుకుని దానికి డబ్బు తీసుకుంది, తోటలో ఎక్కువ భాగం, మడుల్లో కొంత తీసుకుంది. ఇల్లు ఎందుకు వదిలేశారమ్మా, 2005లో సెక్షన్ 23 తీసేశారు, ఇంట్లో కూడా మీరు విభజన అడగొచ్చు అన్నాను. "అన్నయ్య ఉన్న ఇల్లు బాబూ" అంది.

ఈ కేసు నడుస్తుండగానే వాళ్ళ పక్క ఊరి నుంచి ఒక సవర అమ్మాయి వచ్చింది, ఆమెకి మూడో వంతు వచ్చిందటకదా నాకూ వేయండి అని. ఆమెకి ఈ తీర్పులు ఏవీ తగలవు, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) షెడ్యూల్డ్ తెగలని బయట పెట్టింది. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో, అదీ ఒడిశా నుంచి వెళ్ళిందే, సుప్రీంకోర్టు ఇదే చెప్పి, మార్చడం గురించి కేంద్రం ఆలోచించాలి అంది. 2025 జులైలో రామ్ చరణ్ కేసులో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబంలో, ఆడవాళ్ళకి వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చెయ్యనప్పుడు సమానత్వం ప్రకారం వాటా ఇవ్వాల్సిందే అన్నారు. కాబట్టి ఆ అమ్మాయి కేసు దారి వేరు, ఆచారం ఏంటి, ఎవరు రుజువు చెయ్యాలి అన్నదాని మీద నడవాలి. దాని గురించి ఆ కేసు తేలాక రాస్తాను.

ఇలాంటి కేసు కొత్తగా పట్టుకునే వాళ్ళకి

తీర్పు చేతికొస్తే ముందు నేను చూసేది ఏ కోర్టుది, ఎంతమంది జడ్జీలు, ఏ తేదీ, తర్వాత అందులో కోర్టుని అడిగిన ప్రశ్న ఏమిటి. కార్డులూ హెడ్‌నోట్లూ జవాబు మాత్రమే చెప్తాయి. ఫైనల్ డిక్రీ అయ్యేదాకా వాటాలు మారొచ్చు అన్నది కూడా గుర్తుంచుకోండి, 2011లో గండూరి కోటేశ్వరమ్మ కేసులో, ప్రిలిమినరీ డిక్రీ అయిపోయాక చట్టం మారితే కూతుళ్ళకి ఆ లాభం ఇచ్చారు, పాత డిక్రీలు బీరువాలో పడున్న కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి మా వైపు. తెలుగు దస్తావేజులకి ఒడిశా కోర్టులో ఇంగ్లీషు తర్జుమా పెట్టాలి, అది ముందే చేయించుకోండి, విచారణ రోజున వెతికితే తర్జుమా చేసేవాళ్ళు దొరకరు.

డిక్రీ అమలు రెండు రాష్ట్రాల్లో రెండు రకాలు. ఇటు అమీన్ కమిషనర్ వచ్చి గొలుసు వేసి కొలిచాడు, అటు మండల సర్వేయర్‌ని తీసుకుని అడ్వకేట్ కమిషనర్ వెళ్ళాడు, డెసిమల్, సెంటు రెండూ ఎకరంలో నూరో భాగమే కాబట్టి కొలతలో పేచీ రాలేదు, హద్దుల పేర్లలో వచ్చింది, ఒకే గట్టుకి రెండు రికార్డుల్లో రెండు పేర్లు. ఫైనల్ డిక్రీ కూడా పంపకం పత్రమే కాబట్టి స్టాంపు మీదికి ఎక్కించాలి, ఆంధ్రా వైపు రిజిస్ట్రేషన్‌కి వెళ్తే అక్కడి రేటు ప్రకారం తేడా ఎంత కట్టాలన్నది తేలడానికి కొంత టైం పట్టింది. ఒడిశా పట్టా ఆమె పేరున వచ్చేసింది. జీడితోట మ్యుటేషన్ ఇంకా నడుస్తోంది, ఈ ఏడాది జీడిపిక్కలు మాత్రం ఆమే ఏరించింది.